గెట్టు దగ్గర మొదలయ్యే శాంతి

ధ్యానానికి: ఆదికాండం 4:1-16, 1 సమూవేలు 25, మత్తయి 5:9, 23-24



కొండమీద ప్రసంగంలో మన ప్రభువు ధన్యులని పిలిచిన వారి వరుసలో ఏడవ స్థానం శాంతిని నెలకొల్పేవారిది. శాంతిని కోరుకునేవారు ధన్యులని ఆయన అనలేదు. కోరుకోనివారెవరు? సైన్యాన్ని వెంటబెట్టుకొని పొరుగు రాజ్యం మీదికి బయలుదేరిన రాజు కూడా శాంతి కోసమే వెళ్తున్నానని చెబుతాడు. దేవుని బిడ్డలన్న పేరును ప్రభువు శాంతి కోసం చెయ్యి కదిపేవారికి, చెమట పట్టేలా పనిచేసేవారికి ఇచ్చాడు.

ప్రతి ఆదివారం దివ్యబలిపూజలో విశ్వాసుల ప్రార్థన వేళ లోకశాంతి కోసం మనం వేడుకుంటాం. 2022లో ఉక్రెయిన్, 2023లో సూడాన్, గాజా ఆ ప్రార్థనలో చేరాయి. "ప్రభువా, మా మొర ఆలకించండి" అని బదులు పలికి కూర్చుంటాం. మంచిదే. అయితే మొగుడంపల్లిలో జొన్న చేను చూసుకొనే ఒక కుటుంబం, చెరకు నరకడానికి వలస వెళ్లే ఒక కుటుంబం, ఎక్కడో సముద్రాల అవతల జరిగే యుద్ధాన్ని ఎలా ఆపగలదు? ఈ ప్రశ్న మీకు ఎప్పుడైనా కలిగే ఉంటుంది. సరైన ప్రశ్నే. దీనికి దేవుని వాక్కు ఇచ్చే జవాబు వెదుకుదాం.

హత్యకు ముందే వచ్చిన దేవుడు

పరిశుద్ధ గ్రంథంలో మొదటి రక్తపాతం చేనులో జరిగింది. చంపినవాడు అన్న, చచ్చినవాడు తమ్ముడు. కయీను కథ అనగానే "నీ తమ్ముడు ఎక్కడ?" అని దేవుడు అడిగిన ప్రశ్న మనకు గుర్తుకు వస్తుంది. అది హత్య జరిగిన తర్వాత వచ్చిన ప్రశ్న. దానికంటే ముందు వచ్చిన ప్రశ్న ఇంకొకటి ఉంది. కయీను ముఖం మాడిపోయి ఉండడం చూసి, ఎందుకు కోపగించుకున్నావని దేవుడు అడిగాడు. పాపం నీ గడప దగ్గర పొంచి ఉంది, దానిని నువ్వే అణచుకోవాలి అని హెచ్చరించాడు (ఆదికాండం 4:6-7). కర్ర పైకి లేవకముందే, ముఖం మారినప్పుడే దేవుడు కదిలాడన్నమాట.

హత్య జరిగాక కూడా ఆయన ఊరుకోలేదు. కయీనును ఎవరూ చంపకుండా అతని మీద ఒక గుర్తు వేశాడు. ఒక చావుకు ఇంకొక చావు, దానికి మరొకటి, ఇలా గొలుసు సాగకుండా అక్కడే తెంచాడు. ముందుగా హెచ్చరించడం, జరిగాక పగను పెరగనీయకపోవడం: శాంతి స్థాపనలోని ఈ రెండు పనులనూ బైబిలు నాల్గవ అధ్యాయంలోనే దేవుడు చేసి చూపాడు. కయీను వినలేదు. విననివాడు ఉన్నాడని దేవుడు అడగడం మానలేదు.

నెల రోజుల గడువు

మన తెలుగు నేలలో కూడా ఈ కథ జరిగింది. అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరు పేరు మీలో పెద్దవారికి తెలుసు. 1991 జూలైలో అక్కడ సినిమా హాలులో ఒక దళిత యువకుని కాలు ముందు వరుసలోని పై కులస్థునికి తగిలిందని తగాదా మొదలైంది. సంగతి ఇంతే. ఆ మాట పట్టుదలకు దారితీసింది. దళితులను సంఘ బహిష్కరణ చేశారు, కూలి పనులకు పిలవడం మానేశారు. అలా దాదాపు నెల గడిచింది. ఆగస్టు 6న 8 మంది దళితులను వెంటాడి చంపారు.

ప్రియ పాఠకులారా, ఆ నెల రోజులను గురించి ఒక్క క్షణం ఆలోచించండి. కాలు తగిలిన రోజుకు, ప్రాణాలు పోయిన రోజుకు నడుమ ఎన్ని ఉదయాలు, ఎన్ని సాయంత్రాలు! పొయ్యి వెలగని ఇళ్లు అందరికీ కనబడుతూనే ఉన్నాయి. ముఖాలు మాడిపోయి ఉన్నాయి. పాపం గడప దగ్గర పొంచి ఉంది. ఊరికి తెలుసు, అధికారులకు తెలుసు. తెలిసినవారందరూ కలిసి కూడా దాన్ని ఆపలేకపోయారు. తర్వాత ఆ ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. 2007లో అది 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఇరవై మూడేళ్ల కోర్టు నడక తర్వాత కూడా పోయిన 8 మంది తిరిగి రాలేదు, ఆ తల్లుల మనసులు చల్లబడలేదు. నిప్పు రాజుకోకముందే ఒక చెంబెడు నీళ్లతో ఆర్పగలిగినదాన్ని, ఇల్లంతా అంటుకున్నాక బావి తోడినా ఆర్పలేం.

లోక యుద్ధాలు ఆకాశం నుంచి ఊడిపడవు. అవి కూడా ఇలాగే మొదలవుతాయి. ఒక అవమానం, ఒక సరిహద్దు గీత, ఒకరి ఆకలి, ఒకరి భయం, ఒక పుకారు ఉంటాయి. ఆ తర్వాత అందరూ చూస్తూ ఊరుకున్న కొంత కాలం ఉంటుంది. ఆ కాలంలో ఎవరు కదిలారు, ఎవరు కదలలేదు అన్నదాన్ని బట్టే చరిత్ర మారుతుంది.

గాడిదల మీద రొట్టెలు

కదిలిన ఒక ఇల్లాలి కథ సమూవేలు మొదటి గ్రంథం 25వ అధ్యాయంలో ఉంది. నాబాలు బాగా కలిగినవాడు, గొర్రెల మందలున్నవాడు. ఎడారిలో తన మందను కాపాడిన దావీదు మనుషులు గొర్రెల ఉన్ని కత్తిరించే పండుగ నాడు కాస్త తిండి అడిగితే వారిని తిట్టి పంపించాడు. దావీదు నాలుగు వందల మందితో కత్తి కట్టుకొని బయలుదేరాడు. తెల్లవారేసరికి ఆ ఇంట ఒక్క మగవాణ్ణి కూడా మిగల్చనని ఒట్టు పెట్టుకున్నాడు.

పనివాడొకడు పరుగున వచ్చి ఇంటి ఇల్లాలు అబీగాయీలుకు చెప్పాడు. ఆమె భర్తతో వాదులాడుతూ కూర్చోలేదు. "నాకెందుకు" అనుకోలేదు. రొట్టెలు, ద్రాక్షారసం, వండిన మాంసం, పేలాలు, ఎండు పండ్లు గాడిదల మీదకెక్కించి, తానే ఎదురు వెళ్లి, కొండ మలుపులో దావీదు ముందు దిగి మాట్లాడింది. రేపు నువ్వు రాజువైనప్పుడు ఈ అనవసర రక్తం నీ మనసును పీడించకూడదని చెప్పింది. దావీదు కత్తి ఒరలోకి వెళ్లింది. తనను ఆ రోజు పాపం నుంచి కాపాడినందుకు అతడు దేవునికి వందనాలు చెప్పాడు.

ఇందులో మనం మూడు సంగతులు గమనించాలి. కబురు తెచ్చినవాడు ఒక పనివాడు. చిన్నవాడినని అతడు నోరు మూసుకోలేదు. కదిలినది ఒక స్త్రీ, తెల్లవారేదాకా ఆగలేదు. ఆమె వట్టి మాటతో వెళ్లలేదు, ఆకలితో ఉన్నవారికి రావలసిన తిండి పట్టుకొని వెళ్లింది. న్యాయం చేతిలో పట్టుకొని వెళ్లిన మాటే దావీదు చెవికెక్కింది.

ఈ మట్టికి ఉన్న జ్ఞాపకం

మొగుడంపల్లి సరిహద్దు మండలం. 2016లో కొత్త మండలంగా ఏర్పడి సంగారెడ్డి జిల్లాలో ఉంది. పొలిమేర దాటితే కర్ణాటక. సంతలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినబడతాయి, కొందరి నోట మరాఠీ కూడా. జహీరాబాదు తాలూకా ఒకప్పుడు బీదరు జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు అది విడివడి మెదక్ జిల్లాలో కలిసింది. కనుక 1948లో బీదరు జిల్లాకు జరిగినది ఈ ప్రాంతపు జ్ఞాపకంలో భాగమే.

ఆ సంవత్సరం నిజాం రాజ్యంలో రజాకార్లు పల్లెల మీద పడి దోచుకున్నారు, చంపారు. బీదరు జిల్లాలోని గోర్టలో 1948 మేలో జరిగిన మారణకాండను అక్కడివారు ఈనాటికీ మరువలేదు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. ఐదు రోజులలో నిజాం సైన్యం లొంగిపోయింది. జనానికి ఊపిరి వచ్చింది. కాని ఆ వెంటనే పగ బయలుదేరింది. రజాకార్లు చేసిన పాపానికి, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం ఇరుగుపొరుగు బలయ్యారు. భారత ప్రభుత్వం పంపగా పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవారు ఆ సంవత్సరం చివర పల్లెపల్లెకూ తిరిగి విచారించారు. పోలీసు చర్య వేళ, ఆ తర్వాత రాజ్యం మొత్తంలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా వేశారు. ఎక్కువగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదరు, నాందేడ్ జిల్లాలు. ఆ నివేదిక అరవై ఏళ్లకు పైగా బయటికి రాలేదు. 2013లో గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పరిశోధకులకు అందుబాటులోకి రాలేదు.

ఈ చేదు ముచ్చటను ఇప్పుడెందుకు ఎత్తడం అని మీరు అడగవచ్చు. గాయాన్ని కెలకడానికి కాదు. ఆ నివేదికలోనే ఇంకొక సంగతి కూడా ఉంది కనుక. తమ ప్రాణాలను పణంగా పెట్టి ముస్లిములను కాపాడిన హిందువులు ఎందరో ఉన్నారని అది చెబుతుంది. కొన్ని చోట్ల హిందూ సాలెలు ముస్లిం సాలెలకు అడ్డుగా నిలబడి ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. ఎత్తుకుపోయిన ముస్లిం స్త్రీలను తిరిగి ఇంటికి చేర్చడానికి ఎందరో హిందువులు సహాయం చేశారు. అంతకు నెల ముందు, 1948 ఆగస్టులో హైదరాబాదులో షోయబుల్లా ఖాన్ అనే యువ పత్రికా సంపాదకుణ్ణి రజాకార్లు చంపారు. నిజాం రాజ్యం భారతదేశంలో కలవాలని, రజాకార్ల ఆగడాలు తప్పని రాసినందుకు. ఆయన ముస్లిం.

ఆ సాలె కుటుంబాలకు వారిని నిలబెట్టినది ఏమిటి? పక్కపక్కనే మగ్గాలు, ఒకే నూలు బేరం, ఒకరి కష్టం ఒకరికి తెలిసిన బ్రతుకు. చిచ్చు వచ్చిన రోజున కొత్తగా స్నేహం చేసుకుందామంటే కుదరదు. అంతకుముందు ఎన్నో ఏళ్లు కలిసి పడుగు పేక వేసినవారే ఆ రోజు అడ్డంగా నిలబడగలిగారు. మన పల్లెలలో పీర్ల పండుగకు హిందువులు కూడా పీరు ఎత్తుకోవడం, దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ చేసుకోవడం మన ముందు తరాలవారు వట్టి వేడుకకు పెట్టుకున్నవి కావు. చీకటి రోజుకు ముందుగా కూడబెట్టిన ధాన్యం అది. క్రిస్మసు నాడు మీ ఇంటి పిండివంటలు ఎన్ని ఇళ్లకు వెళ్తున్నాయి? ఎవరి ఇంటికి వెళ్లడం లేదు? దానిలోనే రేపటి శాంతి ఎంతో కొంత ఉంది.

నోరు మూసుకోవడం శాంతి కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. శాంతి అనే మాటను బలవంతుడు తరచుగా బలహీనుని నోరు మూయడానికి వాడుకుంటాడు. "ఊరు ప్రశాంతంగా ఉంది, నువ్వెందుకు గొడవ చేస్తావు" అని కూలి అడిగినవాణ్ణి, భూమి అడిగినవాణ్ణి, బావి నీళ్లు అడిగినదాన్ని గద్దిస్తారు. మన విచారణలలో చాలా కుటుంబాలకు ఈ మాట కొత్త కాదు. గాయం మానకుండానే శాంతి, శాంతి అని పైపైన కట్టు కట్టేవారిని ప్రవక్త యిర్మియా మందలించాడు (6:14). న్యాయం పండించే పంటయే శాంతి అని యెషయా బోధించాడు (32:17). విత్తనం వేయకుండా పంట అడిగితే ఎలా?

1946 నుంచి 1951 వరకు తెలంగాణలో సాయుధ పోరాటం సాగింది. దాని వేళ్లు వెట్టిచాకిరిలో, దొరల గడీలలో, భూమి లేనితనంలో ఉన్నాయి. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే శివరాంపల్లి సర్వోదయ సమావేశానికి వచ్చి, ఆ పల్లెల గుండా నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు ఆయన ముందు కూర్చుని తమకు 80 ఎకరాల భూమి కావాలన్నాయి. ప్రభుత్వానికి రాస్తానని చెప్పి వెళ్లిపోవచ్చు. ఆయన అక్కడ కూడినవారినే అడిగారు, మీలో ఎవరైనా ఇవ్వగలరా అని. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం అక్కడ పుట్టింది. తర్వాత దేశమంతటా దానమిచ్చిన భూమిలో చాలా భాగం పేదల చేతికి చేరలేదన్నది కూడా నిజమే. దానం కాగితం మీద ఆగిపోయిన చోట శాంతి కూడా కాగితం మీదనే ఆగిపోయింది. అయినా పోచంపల్లి మనకు ఒక పాఠం నేర్పింది. ఎదుటివాడు అడుగుతున్నది ఏమిటో విని, ఇవ్వగలిగినవాణ్ణి ముఖాముఖిగా అడగాలి.

మన జహీరాబాదు ప్రాంతంలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తూ వచ్చింది. అందులోని సంఘాలలో ఉన్నవారు ఎక్కువ మంది దళిత స్త్రీలు. బీడుపడిన ఎర్ర నేలలను బాగుచేసి జొన్న, సజ్జ, కొర్ర, కంది వేశారు. 1990ల మధ్యలో ఊరి ధాన్యనిధి ఏర్పాటు చేసుకున్నారు. బీడు సాగుకు సాయం పొందిన రైతు, డబ్బుకు బదులు జొన్నలు నిధికి చెల్లించేవాడు. ఆ జొన్నలను కరువు నెలల్లో పేదలకు చౌకగా అందించారు. ఎవరు నిజంగా పేదవారో ఊరివారే కూర్చుని తేల్చారు. 2008లో మాచ్‌నూర్‌లో ఆ స్త్రీలే సంఘం రేడియో నడపడం మొదలుపెట్టారు. 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి వారికి దక్కింది. సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద పాత పంటల విత్తనాలు ఊరూరా తిప్పే జాతర మీలో చాలామంది చూసిందే.

దీనిని ఎవరూ శాంతి ఉద్యమమని పిలవరు. కాని నిండిన గాదె ఉన్న ఊరిలో కొడవళ్లు చేలలోనే ఉంటాయి. ఆరవ పాల్ పోపు 1967లో వెలువరించిన విశ్వలేఖలో అభివృద్ధికి, శాంతికి గల సంబంధాన్ని గురించి బోధించినది ఇదే. మరుసటి సంవత్సరం నుంచి జనవరి 1ని ప్రపంచ శాంతి దినంగా పాటించాలని ఏర్పాటు చేసినవారు కూడా ఆయనే.

నడుమ నిలబడేవారు

తగాదా ముదిరాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. ఇద్దరి నడుమ నిలబడి ఇద్దరి చేత మాట్లాడించడం. అది మెప్పు దొరకని పని. రెండు వైపులవారూ అనుమానిస్తారు.

మన రాష్ట్రంలో నక్సలైట్లకు, పోలీసులకు నడుమ ఏళ్ల తరబడి రక్తం పారింది. 1997లో కొందరు పౌరులు ఒక కమిటీగా ఏర్పడ్డారు. దానికి సారథి ఎస్.ఆర్. శంకరన్, విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి. వెట్టిచాకిరి నిర్మూలనకు పాటుపడినవారు. 1987లో తూర్పు గోదావరి అడవులలో నక్సలైట్లు తోటి అధికారులతో పాటు ఆయనను కూడా అపహరించి కొన్ని రోజులు బంధించారు. అంత అనుభవమైనవారు పగబట్టాలి కదా? ఆయన చంపుకోవడాలు ఆపండని రెండు వైపులా తిరిగారు. ప్రభుత్వం చట్టం దాటకూడదన్నారు, సాయుధులు అమాయకులను చంపకూడదన్నారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో నాలుగు రోజులు చర్చలు జరిగాయి. 2005 జనవరికి అవి విఫలమయ్యాయి. తుపాకులు మళ్లీ పేలాయి. కాని ఆ చర్చల కాలంలో తుపాకులు మౌనంగా ఉన్నందువల్ల బ్రతికిన వారి పేర్లు ఎవరి దగ్గరా లేవు. ఆపిన చావులకు స్మారక స్తంభాలుండవు. శాంతి పనివారి కష్టం ఇదే. వారి విజయం కంటికి కనబడదు.

ఫలించిన ప్రయత్నాలు కూడా ఉన్నాయి. 1968లో రోమ్‌లో కొందరు బడిపిల్లలు కలిసి, ఊరి అంచున గుడిసెలలో ఉండే పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. అదే సాంత్ ఎజిదియో సమాజం. మొజాంబిక్ దేశంలో 1977 నుంచి సాగిన అంతర్యుద్ధంలో సుమారు 10 లక్షల మంది యుద్ధానికి, కరువుకు బలయ్యారు. ఆ సమాజంవారు, ఆ దేశంలోని బేయ్‌రా అగ్రపీఠాధిపతి జైమే గొన్సాల్వెస్‌గారు కలిసి, ప్రభుత్వాన్ని, తిరుగుబాటుదారులను రోమ్‌లో ఒక పాత మఠంలో కూర్చోబెట్టారు. 1990 జూలై నుంచి 27 నెలలు మాట్లాడించారు. 1992 అక్టోబరు 4న, అస్సీసి పునీత ఫ్రాన్సిస్ పండుగ రోజున, ఒప్పందం కుదిరింది. వారి వద్ద సైన్యం లేదు, ధనం లేదు. పేద పిల్లల పక్కన కూర్చోవడం నేర్చుకున్నవారికే, శత్రువులను పక్కపక్కన కూర్చోబెట్టడం చేతనైంది.

మన గుడి లోపలి సంగతి

ఇంతవరకు ఇతరులను గురించి చెప్పుకున్నాం. ఇక మన గుడి లోపలికి వద్దాం. 1994లో రువాండాలో వంద రోజులలో సుమారు 8 లక్షల మంది హతులయ్యారు. ఆ దేశంలో ఎక్కువ మంది క్రైస్తవులు, వారిలో కథోలికులు ఎందరో. చంపినవారు, చచ్చినవారు ఒకే గుడిలో పూజకు వచ్చినవారు. ప్రాణరక్షణ కోసం గుడులలోకి పరుగెత్తినవారిని గుడులలోనే చంపారు. ఆ పాపంలో శ్రీసభ బిడ్డలు, కొందరు గురువులు, మఠవాసులు కూడా పాలుపంచుకున్నందుకు 2017లో ఫ్రాన్సిస్ పోపుగారు దేవుని క్షమాపణ వేడుకున్నారు. జ్ఞానస్నానపు నీటికంటే తెగ రక్తం చిక్కనైపోయిన చోట ఏమి జరుగుతుందో రువాండా చూపించింది. అక్కడ ఒక రేడియో రోజూ పొరుగువారిని బొద్దింకలని పిలుస్తూ జనాన్ని ఎగదోసింది. మాటతోనే మొదలైంది.

మన చేతులలో ఇప్పుడు రేడియోకు బదులు ఫోను ఉంది. ఎవడో పంపిన వీడియో, ఎప్పటిదో, ఎక్కడిదో తెలియదు. ఫలానా మతంవారు, ఫలానా కులంవారు ఇలా చేశారట అని ఉంటుంది. వేలు కదిపితే నూరు ఇళ్లకు వెళ్తుంది. సీరా జ్ఞానగ్రంథం 28వ అధ్యాయం ఒక చక్కని సంగతి చెబుతుంది. నిప్పురవ్వ మీద ఊదితే మండుతుంది, ఉమ్మితే ఆరుతుంది. రెండూ నోటినుంచే వస్తాయి. మీ వేలికి కూడా ఆ రెండు శక్తులున్నాయి.

కులం సంగతి కూడా దాచవద్దు. సమాధుల తోటలో ఎవరి వరుస ఎక్కడ, గుడిలో ఎవరి చాప ఎక్కడ, పెళ్లి మాట వచ్చేసరికి ఎవరు ఎవరికి అన్యులు? లోకశాంతికి మొరపెట్టే నోటితోనే ఈ లెక్కలు వేస్తే ఆ మొర ఎక్కడికి చేరుతుంది? దళిత సమాజంలో పుట్టిన మన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారిని 2022లో శ్రీసభ కార్డినలుగా చేసింది. దానికి సంతోషించడం తేలిక. ఆ గౌరవాన్ని మన వీధిలో మన పొరుగు ఇంటివానికి ఇవ్వడం అంత తేలిక కాదు. ఇవ్వవలసింది మాత్రం అక్కడే.

ఈ వారం మనం చేయవలసినవి

మొదటిది, గెట్టు. మన పల్లెలలో ఎక్కువ తగాదాలు గెట్టు దగ్గర పుడతాయి. అన్నదమ్ముల పంపకం, పాలోళ్ల దారి, పట్టా పాసుపుస్తకంలో పడని రెండు గుంటలు. అబ్రాహాము పెద్దవాడై ఉండి కూడా, పశువుల కాపరులు కొట్లాడుకోగానే లోతును పిలిచి, నువ్వు కోరుకున్న వైపు తీసుకో, మిగిలినది నాకు చాలు అన్నాడు (ఆదికాండం 13). మీ ఇంట అలాంటి తగాదా ఉంటే, కోర్టు వాయిదాకు ముందే ఒకసారి మీరే నడిచి వెళ్లండి. ఒంటరిగా వెళ్లలేకపోతే, రెండు వైపులవారికీ నచ్చిన పెద్దమనిషిని వెంట తీసుకొని వెళ్లండి. న్యాయంగా మీకు రావలసినదాన్ని వదులుకోమని కాదు. మాట తెగకుండా అడగండి.

రెండవది, పీఠం. బలిపీఠం దగ్గర కానుక పెట్టేటప్పుడు నీ సహోదరునికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే ఉంచి మొదట వెళ్లి సమాధానపడు అని ప్రభువు ఆజ్ఞ (మత్తయి 5:23-24). పూజలో శాంతిని ఒకరికొకరు తెలుపుకొనే వేళ మన చేతులు ఎటు తిరుగుతాయి? కుడిపక్క ఇష్టమైనవారికి రెండుసార్లు నమస్కారం, ఎడమపక్క వారికి ముఖం తిప్పుకోవడం. వచ్చే ఆదివారం ఆ ఎడమవైపుకు తిరగండి.

మూడవది, కబురు. అబీగాయీలు ఇంటి పనివానిలా, ఊరిలో ముఖాలు మాడుతున్నట్టు కనిపిస్తే సకాలంలో చెప్పండి. ఊరేగింపు దారి గురించి గుసగుసలు, ఒక వాడను పనికి పిలవడం మానడం, పిల్లల ఆటలో మొదలై పెద్దల దాకా పాకిన మాట, ఇవి చిన్నవి కావు. సర్పంచికి, విచారణ గురువులకు, మసీదు పెద్దలకు, గుడి పెద్దలకు, అవసరమైతే పోలీసులకు ముందే చేరవేయండి. పుకారు పంచడం వేరు, ప్రమాదాన్ని తెలియజేయడం వేరు. మొదటిది నిప్పు మీద ఊదడం. రెండవది నీళ్లు పట్టుకొని పరుగెత్తడం.

నాల్గవది, పిల్లలు. ఇంట్లో ఏ కులాన్ని, ఏ మతాన్ని ఏ పేరుతో పిలుస్తున్నామో పిల్లలు వింటారు. 1963లో, క్యూబా విషయమై అణుయుద్ధం అంచుదాకా లోకం వెళ్లి వచ్చిన ఆరు నెలలకే, 23వ జాన్ పోపుగారు శాంతిని గురించి విశ్వలేఖ రాస్తూ, అది సత్యం, న్యాయం, ప్రేమ, స్వేచ్ఛ అనే నాలుగు స్తంభాల మీద నిలబడుతుందని బోధించారు. ఆ నాలుగు స్తంభాలకూ పునాది తవ్వే చోటు రాత్రి అన్నం తినేటప్పుడు మన ఇంట్లో సాగే మాటలు.

మనం కొద్దిమందిమే, పేదవాళ్లమే, మన మాట ఎవరు వింటారు అని అనుకోకండి. కొద్దిమంది కావడం నడుమ నిలబడేవారికి లోటు కాదు. పిండిలో పులిపిండి కొద్దిగానే వేస్తారు. పెద్ద గుంపుకు చెందినవాడు మాట్లాడితే అది బలం చూపించినట్టు ఉంటుంది. ఎవరి మీదా గెలవాలని లేనివాడు మాట్లాడితే ఇరుపక్షాలూ చెవి ఒగ్గుతాయి. 2025 మే 8న కొత్తగా ఎన్నికైన 14వ లియో జగద్గురువులు జనం ముందుకు వచ్చి మొదట పలికిన మాట ఉత్థాన క్రీస్తుని శాంతి దీవెన. తలుపులు వేసుకొని భయపడుతున్న శిష్యుల మధ్యకు వచ్చి ప్రభువు చెప్పిన మొదటి మాట అదే. ఆ వెంటనే ఆయన తన చేతులలోని గాయాలను చూపించాడు. శాంతికి వెల ఉంది. అది చెల్లించినవాడే మనల్ని పంపుతున్నాడు.

ప్రార్థన చేద్దాం: శాంతికి రాజువైన ప్రభువా, మా చేనుల గెట్ల మీద, మా ఊరి పొలిమేర మీద, యుద్ధాలతో అలసిన దేశాల మీద మీ దయను కురిపించండి. మా ముఖాలు మాడినప్పుడు, కయీనును అడిగినట్టు మమ్మల్ని కూడా అడగండి. ఆలస్యం కాకముందే లేచి నడిచే అబీగాయీలు ధైర్యాన్ని మా తల్లులకు, చెల్లెళ్లకు ఒసగండి. పొరుగువాని కోసం నిలబడిన ఆ పేరు తెలియని సాలెల గుండెను మాకు దయచేయండి. శాంతికి రాణియైన మరియమాతా, మా కొరకు ప్రార్థించండి. ఆమెన్.